మూడు గేర్ రాడ్ల జీపు

పోయిన ఆదివారం పొద్దున జీపు కింద పడుకొని వెనక ఇరుసు నడుమ గేర్లుండే హౌసింగ్ ప్లగ్గు విప్పుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది, ఏం మాడుతోంది అని. ఏమీ మాడలేదు. ఎప్పుడో పోసిన తొంభై నంబరు గేర్ ఆయిల్ నల్లగా, చిక్కగా తట్టలోకి దిగుతోంది, అంతే. అందులో క్రౌన్, పినియన్ అనే రెండు గేర్ల పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. ఆ రాపిడికి మామూలు ఇంజిన్ ఆయిల్ నిలవదు కాబట్టి ఇందులో గంధకంతో చేసిన మందు కలుపుతారు. ఆయిల్ పాతబడే కొద్దీ వాసన ముదురుతుంది. చేతికి అంటితే సబ్బుకు పోదు.

నర్సంపేటలో మా పాతింటికి ఈ వాసన పట్టేసి ఉండేది. బాపు చొక్కాలకు, దండెం మీది తువ్వాలకు, ఆయన వరంగల్ నుంచి తెచ్చే కారప్పూస పొట్లానికి కూడా అదే వాసన. అమ్మ ఆయన్ని బావి దగ్గరే ఆపేది. "ఆ చేతులతోని కంచం ముట్టకు" అని రంపపు పొట్టు, బట్టల సబ్బు ముక్క ఇచ్చేది. మోచేతుల దాకా రుద్దుకొని వచ్చి కూర్చున్నాక కూడా అన్నంలో అదే వాసన వచ్చేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. మాకు మాత్రం అది బాపు ఇంటికొచ్చిన గుర్తు.

*

ఆ జీపు వేలంలో వచ్చింది. ఏదో సర్కారు ఆఫీసు పాత బండ్లు అమ్మేస్తుంటే బాపు పాట పాడి గెలిచాడు. హుడ్ లేదు, స్టెప్నీ లేదు, ముందు అద్దం సగం పగిలింది. ట్రాక్టరుకు కట్టి గుంజుకొచ్చారు. వాడకట్టంతా వచ్చి చుట్టూ నిలబడింది. కొబ్బరికాయ కొట్టమని నాయనమ్మ చేతికిస్తే, "నడవని బండికి దిష్టి ఎవలు పెడతరురా" అంది. అన్నా కొట్టింది.

అది మహీంద్రా సీజే 3బి. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన మోడల్. అక్కడ 1968లో ఆపేసినా, మహీంద్రా వాళ్లు మన దేశంలో ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి చేశారు. బానెట్ చూసి గుర్తుపట్టొచ్చు, మిగతా జీపుల కంటే ఎత్తుగా ఉంటుంది. అది సోకు కోసం పెట్టిన ఎత్తు కాదు. యుద్ధకాలం నాటి జీపు ఇంజిన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే పక్కన ఉండేవి. హరికేన్ అనే ఈ ఇంజిన్‌లో లోపలికి పీల్చే వాల్వులను పైన హెడ్‌లోకి తెచ్చారు, పొగ వదిలే వాల్వులు కిందే ఉంచారు. ఇంజిన్ పొడుగైంది, దాని మీద మూత కూడా లేవాల్సి వచ్చింది. ఇవన్నీ నేను పెద్దయ్యాక తెలుసుకున్నవి. చిన్నప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, బానెట్ మీద కూర్చుంటే ఊరంతా కనబడుతుంది, పెట్రోల్ పోస్తే ఊరంతా వినబడుతుంది.

స్టీరింగ్ ఎడమ వైపు. వెనక డాలా మీద 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని తెల్ల పెయింటుతో పెద్దగా రాసి ఉండేది. ఆ రోజుల్లో చాలా జీపులకు ఉండేది ఆ రాత. దీనివల్ల నాకో ఉద్యోగం దొరికింది. నర్సంపేట నుంచి వరంగల్ పోయే రోడ్డు అప్పుడు సన్నం. ముందు ఏనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి బండో, మిర్చి లారీయో ఉంటే ఎడమ పక్క కూర్చున్న బాపుకు ఎదురుగా వచ్చేది కనబడదు. కుడి సీట్లో నేను సగం బయటికి వంగి చూసి చెప్పాలి. "ఆగు బాపూ, బస్సుంది." "పో, పో, పో." ఆ మూడో 'పో' పడితేనే ఆయన పెడల్ తొక్కేవాడు. నేను ఎక్కడ తడబడినా వెంటనే వెనక్కి తగ్గేవాడు, ఎందుకని అడిగేవాడు కాదు. బడిలో నా మాట ఎవరూ వినని వయసులో ఒక బండి నా మాట మీద కదిలేది. ఇప్పటి పిల్లలు కారెక్కితే ఫోన్ చూస్తారని తిట్టడం నాకిష్టం లేదు, వాళ్లకు చూడమని మనం ఏమిచ్చాం కనుక.

*

వరంగల్‌లో ములుగు రోడ్డు పక్కన చాచా షెడ్డు ఉండేది. రేకులు, నాలుగు సరుగుడు గుంజలు, ఒక చింతచెట్టు. బాపు ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు, అందరికీ చాచానే. ఆయన మాత్రం బాపును "పటేలా" అనేవాడు, మాకు రెండెకరాల చెలక తప్ప ఏమీ లేకపోయినా.

చాచా దగ్గర పని మొదలయ్యేది వినడంతో. పొడుగు పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవర్, ఒక కొన ఇంజిన్ బ్లాకు మీద, ఇంకో కొన చెవి దగ్గర పెట్టి కళ్లు మూసుకునేవాడు. ఆ టైంలో ఎవరూ మాట్లాడకూడదు, చాయ్ పిల్లగాడు కూడా గ్లాసులు చప్పుడు చేయకుండా నిలబడేవాడు. ఆ తర్వాత బొగ్గు ముక్కతో బ్లాకు మీద ఒక గీత గీసేవాడు, రోగం అక్కడ అని. విప్పిన ప్రతి భాగం ఒక పెద్ద పరాతలో గ్యాసునూనెలో మునగాల్సిందే. కడిగే పని నాది, వేసవి సెలవుల్లో. ఏ నట్టు ఎక్కడిదో కలిపేస్తానని నట్లను వాటి బోల్టులకే మళ్లీ రెండు చుట్లు ఎక్కించి పెట్టించేవాడు. నేను ఇప్పటికీ అట్లనే చేస్తాను, డబ్బాల మీద పేర్లు రాసే ఓపిక నాకు లేదు.

కొత్త పార్టు అడగడం ఆయనకు అవమానం. బుష్ అరిగితే లేత్ దగ్గర గన్‌మెటల్ ముక్క తిప్పించేవాడు. ప్యాకింగ్ పోతే పెళ్లికార్డు తీసేవాడు. కార్డును గేర్‌బాక్స్ అంచు మీద పరిచి చిన్న గుండు సుత్తెతో అంచు వెంట టకటకా కొట్టుకుంటూ పోతే, ఆ అంచే కార్డును కోసేది. బోల్టు రంధ్రాలు కూడా అంతే. ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ కింది మూతకు చాలా ఏళ్లు ఎవరిదో పెళ్లి ఉండేది. విప్పినప్పుడు ఆయిల్లో నానిన వినాయకుడి బొమ్మ, 'చి॥ల॥సౌ॥' అన్న అక్షరాలు కనబడ్డాయి. చాచా దాన్ని తీసి కళ్లకు అద్దుకొని పక్కన పెట్టి, ఇంకో పెళ్లి అందుకున్నాడు.

బ్రేకుల గాలి తీసేటప్పుడు పెడల్ తొక్కేది కూడా నేనే. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరం ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి, మా బండికి అది వెనక కుడి చక్రం. చాచా కింద నుంచి "కొట్టు, కొట్టు, కొట్టు... పట్టు" అనేవాడు. పట్టు అన్నప్పుడు కాలు లేపితే గాలి మళ్లీ లోపలికి పోతుంది, పనంతా మొదటికి వస్తుంది. గాజు సీసాలో పైపు మునిగి ఉండేది, బుడగలు ఆగేదాకా ఇదే. కాలు వణికేది. చాచా అవతలి చక్రానికి పోతూ పోతూ నా పిక్కను తట్టేవాడు.

హ్యాండిల్ కొట్టడం మాత్రం చాలా రోజుల వరకు నేర్పలేదు. నేర్పిన రోజు మొదట బొటనవేలు చూపించాడు. అన్ని వేళ్ల పక్కనే బొటనవేలు ఉండాలి, హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోవద్దు. ఇంజిన్ వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. తోయడం కూడా వద్దు, కింది నుంచి పైకి గుంజాలి. ఆయన కుడి బొటనవేలు వంకరగా ఉండేది. ఆ సంగతి వివరించలేదు, వివరించనక్కర్లేదు కూడా.

*

ఎండాకాలం వస్తే జీపు తునికాకు, అంటే బీడీ ఆకు, కాంట్రాక్టరుకు కిరాయికి పోయేది. ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి, ఆ పైన ఏటూరునాగారం అడవిలో కల్లాలు. యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక బస్తా. తెల్లారకముందే అడవికి పోయిన ఆడవాళ్లు పొద్దెక్కేసరికి ఆకుతో వచ్చి చెట్ల కింద కూర్చొని కట్టలు కట్టేవాళ్లు. కల్లంలో కట్టలు వరుసగా బోర్లించి ఎండబెడితే ఆ చుట్టుపక్కల గాలికే ఒక వగరు వాసన.

అక్కడ తెలిసింది మాకు ఆ మూడు రాడ్లు ఎందుకున్నాయో. ఒకటి మామూలు గేర్లది. పక్కన రెండు చిన్నవి. ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజిన్ బలం పంపేది. రెండోది లో గేరుది, అది పడితే చక్రాలకు అందే తిప్పుడు బలం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, వేగం అంతే తగ్గుతుంది. ముందు చక్రాలను కలపకుండా లో వేయనీయదు, లోపల అడ్డు ఉంటుంది. అంత బలం ఒక్క వెనక ఇరుసు మీదే పడితే ఏదో ఒకటి తెగుతుందని ఆ ఏర్పాటు. వాగు ఇసుకలో బాపు రెండూ వేసి, యాక్సిలరేటర్ మీద కాలు బరువు మారకుండా, మనిషి నడిచే వేగంతో దాటించేవాడు. రెచ్చిపోయి తొక్కినవాళ్ల జీపులు ఇరుసుల దాకా దిగబడేవి, వాళ్ల తాడు కూడా మేమే గుంజేవాళ్లం.

నీళ్లు మోకాలు దాటితే దిగి బానెట్ తెరిచి ఫ్యాను బెల్టు వదులు చేసేవాడు. ఫ్యాను తిరిగితే నీళ్లను ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీదికి, ప్లగ్గుల మీదికి చిమ్ముతుంది, పెట్రోల్ ఇంజిన్ అక్కడే ఆగిపోతుంది. అవతలి గట్టుకు చేరాక మళ్లీ బిగించేవాడు. ఇక తారు రోడ్డెక్కగానే ముందు చక్రాల రాడ్డు తీసేయాలి. గట్టి రోడ్డు మీద ముందూ వెనకా చక్రాలు ఒకదాంతో ఒకటి పెనుగులాడతాయి, రాడ్డు ఇరుక్కుపోతుంది. పస్రా దగ్గర తారు మొదలయ్యే చోట బాపు రెండు బారల దూరం రివర్స్ పోయేవాడు, రాడ్డు తనంతట తానే వదులయ్యేది. కొత్తగా ఎక్కినవాళ్లు ఏదో మరిచిపోయి వెనక్కి పోతున్నామనుకునేవాళ్లు.

మేడారం జాతర ఏడాది వేరే లెక్క. మాఘ పౌర్ణమి ముందు నుంచే ఇల్లు ఆగమాగం. వెనక రెండు బెంచీల మీద మా అత్తయ్యలు, వాళ్ల అత్తలు, నడుమ కోళ్లు, బియ్యం, తల్లులకు ఎత్తు బంగారం, అంటే బెల్లం దిమ్మలు. చిన్నాయన ఎప్పుడూ వెనక డాలా మీద నిలబడే వచ్చేవాడు. తాడ్వాయి దాటినంక బండ్ల దుమ్ములో ముందు ఎద్దు తోక కూడా కనబడదు. జంపన్నవాగులో తానాలు అయ్యేసరికి జీపు కూడా నీళ్లలోనే కడిగించుకునేది, బాపు వద్దు వద్దంటున్నా చిన్నాయన నడుముల్లోతుకు దింపేవాడు.

బాపు వద్దనడానికి కారణం ఉంది. దూరం నడిచి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకొని ఆయిల్ సీలు పక్క నుంచి నీళ్లను లోపలికి గుంజుకుంటుంది. జాతర నుంచి వచ్చిన మర్నాడు ప్లగ్గు విప్పి చూస్తే ఆయిల్ మజ్జిగ తీరు తెల్లగా వచ్చేది. అమ్మ తలంటుకుంటున్నంతసేపు బాపు హౌసింగ్ కడిగేవాడు. మా ఇంట్లో జాతర ముగిసేది అట్లా.

*

ఇంకో సంగతి. అడవి దారుల్లో జీపు ఉన్న మనిషి ఆ కాలంలో ఇద్దరికీ జవాబు చెప్పాలి. రాత్రి తలుపు తట్టి బండి కావాలనేవాళ్లు ఒకరు, రాత్రి బండి ఎటు పోయిందని పొద్దున అడిగేవాళ్లు ఇంకొకరు. నడుమ ఎలక్షన్లు వస్తే డ్యూటీకని తీసుకుపోయేవాళ్లు, వచ్చేటప్పుడు బండితోపాటు ఒక కాగితం వచ్చేది. బాపు వీళ్లెవరి గురించీ ఇంట్లో మాట్లాడేవాడు కాదు. సాయంత్రం జీపు ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి రోటర్ ముక్కను జేబులో వేసుకొని వచ్చి అమ్మకిచ్చేవాడు. అమ్మ దాన్ని బియ్యం గరిశెలో దాచేది. అది లేకపోతే పెట్రోల్ బండి ఎవడు కొట్టినా స్టార్ట్ కాదు. "సామాను రాలేదు, వరంగల్ల ఉన్నది" అని చెప్పడానికి వీలుండేది.

అందుకే పెట్రోల్ రేటు పెరిగి, ఇంజిన్ మార్చి డీజిల్ వేయిద్దామన్నప్పుడు అమ్మ ఒప్పుకోలేదు. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గుల్లేవు, రోటర్ లేదు. నలుగురు తోస్తే నడుస్తుంది. బాపు లెక్కలన్నీ చెప్పాడు, లీటరుకు ఎంత, కిరాయికి ఎంత మిగులు అని. అమ్మ ఒకటే అడిగింది, "మరి గరిశెల ఏం దాయాలె?"

చివరికి మారింది. చాచా ఇంటర్నేషనల్ ట్రాక్టర్ ఇంజిన్ రకానిదే ఒకటి సంపాదించి ఎక్కించాడు. బండి చప్పుడు మారిపోయింది, మా వీధి మూల తిరగకముందే కిటికీ అద్దాలు వణికేవి. బలం పెరిగింది, పరుగు తగ్గింది. ఆ అదురుకు రేడియేటర్ పట్టీలు తెగేవి, బాడీ బోల్టులు వదులయ్యేవి. నా మట్టుకు ఆ పెట్రోల్ ఇంజిన్ నడిచినంత హాయిగా అది ఎప్పుడూ నడవలేదు. కానీ మా చదువులకు ఫీజులు కట్టింది ఆ డీజిలే, కాబట్టి ఎక్కువ మాట్లాడను.

*

బాపు పోయాక జీపు నర్సంపేటలో చింతచెట్టు కింద చాలా ఏళ్లు ఉంది. కోళ్లు పొదిగాయి, ఒక టైరు నుంచి తుమ్మ మొలిచింది. తూకానికి అమ్మేద్దామని తమ్ముడన్నాడు, కిలో రేటు కూడా తెలుసుకొచ్చాడు. నేను క్రేన్ బండి మాట్లాడి హన్మకొండ తెచ్చుకున్నాను. ఇంటి పక్క సందులో ఇప్పుడు అదే ఉంది, కారు రోడ్డు మీద ఉంటుంది.

ఫ్లోర్ రేకు తుప్పుకు చేతితో విరిగింది. అది కోసి కొత్త రేకు వేయించాను. రంగు గీకుతుంటే కింద పొరలు బయటపడ్డాయి. మా మెరూన్ కింద తెలుపు, దాని కింద నీలం కలిసిన బూడిద రంగు, ఎడమ పక్క రేకు మీద సర్కారు కాలం నాటి స్టెన్సిల్ అంకెలు సగం. లప్పం పెట్టి మొత్తం నున్నగా చేద్దామని డెంటర్ అన్నాడు. ఆ అంకెలున్న జాగా వదిలేయమన్నాను. డబ్బులు మిగుల్చుకోవడానికి అంటున్నాననుకొని తక్కువకే చేస్తానన్నాడు పాపం.

ఈ మధ్య పాత జీపులకు అడుగు వెడల్పు టైర్లు, ముందు దీపాల వరుస, సైడుకు పులి బొమ్మ వేసి తిప్పుతున్నారు. వాళ్ల బండి, వాళ్ల డబ్బు. కానీ ఆ సన్నని 6.00-16 టైర్లే ఇసుకలోకి కోసుకుపోకుండా లో గేరులో వాగు దాటించాయని చూసినవాణ్ణి. పైగా పెద్ద టైరు వేస్తే ఆ బరువంతా పడేది ముందు చక్రాలు అటూ ఇటూ తిరిగే కింగ్‌పిన్నుల మీద.

వాటితోనే నేను ఎక్కువ తిప్పలు పడ్డాను. ఒక గుంత తగలగానే స్టీరింగ్ రెండు చేతుల్లోంచి ఊడిపోతుందేమో అన్నంత ఊగేది. టైర్లు మార్చమన్నారు, బ్యాలెన్సింగ్ అన్నారు. అసలు సంగతి కింగ్‌పిన్ బేరింగులు అరిగి వదులు కావడం, నడుమ స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే బెల్ క్రాంక్ పిన్ను అండాకారంలో అరిగిపోవడం. బేరింగులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికాయి. బిగువు సరిచేయడానికి కింగ్‌పిన్ మూత కింద పల్చటి రేకులుంటాయి. తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. చాచా చేత్తో ఊపి చెప్పేవాడు. నాకు ఆ చేయి లేదు. రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ విప్పి, మా వీధి కూరగాయల ఆయన దగ్గర స్ప్రింగ్ కాంటా అడుక్కొచ్చి, స్టీరింగ్ ఆర్మ్ చివర తగిలించి గుంజి చూశాను. రెండు పక్కలా ముల్లు ఒకేచోట ఆగేదాకా రేకులు మార్చాను. ఆయన టమాటలు అమ్ముకోలేక సగం పూట నా పక్కనే కూర్చొని, "ఇది ఎన్ని కిలోలున్నది సార్" అని అడుగుతూనే ఉన్నాడు.

హ్యాండ్ బ్రేకు ఇంకా పనిచేయదు. ఈ జీపులో అది చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్టు మీద ఒక డ్రమ్ముకు ఉంటుంది. సీలు కారితే లైనింగు ఆయిల్‌లో తడుస్తుంది, లివర్ ఎంత గుంజినా బండి జారుతుంది. చిన్నప్పుడు బండి ఆగగానే దూకి చక్రం కింద రాయి పెట్టేది నేను. ఇప్పుడు మా అబ్బాయి ఒక చెక్క ముక్కకు పెయింటు వేసి తాడు కట్టుకున్నాడు.

కరోనా టైంలో చాచా పోయాడు. షెడ్డు జాగాలో ఇప్పుడు టైల్స్ షాపు. ఆయన కొడుకు కార్ల ఏసీలు బాగుచేస్తాడు. మొన్న పిలిస్తే వచ్చి, జీపు కింద దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, ప్యాకింగ్‌కు పెళ్లికార్డు ఎందుకు భాయ్, ట్యూబులో సిలికాన్ వస్తుంది కదా, పూసి బిగించు అన్నాడు. సిలికాన్ ఎక్కువైతే లోపలికి రాలి ఆయిల్‌లో తిరుగుతుందని నా వాదన. వాళ్ల నాన్న కూడా చివర్లో సిలికానే వాడాడని అతను నవ్వాడు. అది నాకు తెలియదు. అతను పూసిన చోట కారడం లేదు, నేను కార్డు కొట్టిన చోట కొంచెం చెమ్మ ఉంది.

ఈ వారం వచ్చిన కొత్త తగువు ఏమిటంటే, వీధి చివర వాళ్లబ్బాయి పెళ్లి బరాత్‌కు జీపు కిరాయికి అడుగుతున్నారు. హుడ్ లేదన్నాను, అదే బాగుంది ఫొటోలకు అన్నారు. బ్రేకులు ఒకసారి గాలి తీయాలన్నాను, మేం తోసుకుంటాం, డీజే ముందు ఎట్లాగూ నడిచే స్పీడే కదా అన్నారు. పెళ్లికొడుకు షేర్వానీ తెలుపు. కింద సీలు సంగతి వాళ్లకు ఇంకా చెప్పలేదు.